ఎడమ పక్క ఖాళీ

ఫోర్మన్ సారు పోయారన్న కబురు నాకు ఉదయం పదిన్నరకు అందింది. ఆఫీసులో కూర్చుని ఓ పాత శతకంలోని పద్యాలను తెర మీద సరిచేస్తున్నాను. ఫోను చేసింది ఆయన కూతురు. "నాయిన పోయిండక్కా. పొద్దుగాల చాయ్ తాగి మంచం మీద ఒరిగిండు, గంతే" అన్నది. పక్కన ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. ఒంట్లో బాగాలేదని రెండు వారాలుగా రావడం లేదు. ఫోను పెట్టేశాక నేను మొదట చేసిన పని చెబితే నవ్వుతారు. సగంలో ఉన్న పద్యాన్ని పూర్తి చేసి లేచాను. పద్యం సగంలో వదిలి లేస్తే ఆయన ఊరుకునేవారు కాదు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ పేరు ఒకే ఒక్క చోట ఉండాలని ఆయన కోరారు. ఆ కోరిక విషయంలో నేను ఆయనకు అబద్ధం చెప్పాను. ఈ నాలుగు మాటలూ ఆ బరువు కొంత దించుకోవడానికే.

మా ఆఫీసు నాచారం పారిశ్రామికవాడలో రెండో అంతస్తు. కింద రబ్బరు వాషర్లు చేసే షెడ్డు. పొద్దంతా నేల సన్నగా అదురుతూనే ఉంటుంది. పాత తెలుగు పుస్తకాలను కంప్యూటర్లోకి ఎక్కించడం మా పని. పేజీలకు ఫోటోలు తీసి వదిలేయడం కాదు. ప్రతి అక్షరం టైపు చేసి, ఇది పద్యం, ఇది పాదం, ఇది పేరా, ఈ పాదం ఇంత లోపలికి జరిగి ఉంది అని గుర్తులు పెట్టాలి. అప్పుడే ఆ పుస్తకం చిన్న ఫోనులో తెరిచినా పెద్ద తెర మీద తెరిచినా తన రూపంతో నిలబడుతుంది. ఆయన మల్లాపూర్‌లో ఓ అచ్చు ప్రెస్సులో నలభై ఏళ్ళకు పైగా పనిచేసి, చివరికి ఫోర్మన్‌గా రిటైరైనవారు. ఆ ప్రెస్సు మూతపడ్డాక మా మేనేజరు ఆయన్ను ప్రూఫులు చూడటానికి పిలిపించుకున్నాడు. ఉప్పల్ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు.

మొదటిరోజే నాతో గొడవ. ఓ గేయంలో చరణాలను లోపలికి జరపడానికి నేను స్పేస్ బటన్‌ను టకటకా పదిసార్లు నొక్కాను. టైపు చేసేటప్పుడు బాగానే కనబడింది. పేజీగా తెరిచేసరికి ఆ పది ఖాళీలూ మాయమై, పాదం వచ్చి ఎడమ అంచుకు అతుక్కుంది. వెబ్ పేజీ తీరే అంత. వరసగా ఎన్ని ఖాళీలు పెట్టినా ఒకటిగానే చూస్తుంది, పాదం మొదట్లో పెడితే అసలు లెక్కే చేయదు. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని తెరలోకి వంగారు. "ఏంది బిడ్డా, గీ డబ్బా ఖాళీని మింగుతదా?" అన్నారు. మింగుతుంది సార్, అందుకే ఈ పాదాన్ని ఇంత దూరం జరుపు అని దానికి విడిగా చెప్పాలి అన్నాను, అది నాకు ముందునుంచీ తెలిసినట్టు. ఆ మాట ఆయనకు నచ్చింది. అచ్చు పనిలోనూ అంతేనట. అక్షరం కంటే కాస్త పొట్టిగా ఉండే లోహపు ముక్కలు పేర్చితేనే అక్కడ కాగితానికి సిరా అంటదు. "పేజీల తెల్లగున్నదంతా ఎవలో ఒకలు చేత్తోని పెట్టిందే" అన్నారు.

నాకు పద్యం చదవడం వచ్చు గానీ పద్యాన్ని పేజీ మీద చూడటం రాదని సీసపద్యాల దగ్గర తేలింది. సీసం పాదం పొడుగు. పుస్తకం వెడల్పుకు పట్టదు కనుక పాత అచ్చువాళ్ళు దాన్ని రెండు ముక్కలు చేసి, రెండో ముక్కను బాగా లోపలికి జరిపేవారు. ఇది కొత్త పాదం కాదు, పైదాని మిగతా సగమే అని చెప్పడానికి. నేను ప్రతి ముక్కనూ ఒక పాదంగా గుర్తులు పెడుతూ పోయి మొత్తం పుస్తకం ముగించాను. ఆయన మొదటి పేజీ చూసి పెన్సిలు కింద పెట్టారు. "నాలుగు కాళ్ళ బర్రెను పట్టి ఎనిమిది కాళ్ళ సాలెపురుగును జేసినవు గద బిడ్డా" అన్నారు. అన్నీ మళ్ళీ చేయాల్సివచ్చింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన తిట్టలేదు. పక్కన కూర్చుని ఒక్కో పద్యం పైకి చదువుతూ పోయారు, సాయంత్రం దాకా లేవలేదు.

పైకి చదవడంలో ఆయనదో పద్ధతి. ప్రూఫును ఒకరు చదవాలి, ఇంకొకరు అసలు పుస్తకంలో చూసుకుంటూ రావాలి. ఆయన అక్షరాలతో పాటు ఖాళీలను కూడా చదివేవారు. పాదం ఒక మెట్టు లోపలికి జరిగి ఉంటే వేలి కణుపుతో బల్ల మీద ఒక తట్టు, రెండు మెట్లయితే రెండు. మా మేనేజరు కొత్తలో ఎవరో తలుపు కొడుతున్నారనుకుని రెండు మూడుసార్లు లేచి వెళ్ళి చూసివచ్చాడు. కొలవడానికి స్కేలు వాడేవారు కాదు. బస్సు టికెట్‌ను మడతపెట్టి పాదం ముందు ఆనించి చూసుకునేవారు. ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయ్యాక కండక్టరు నాకిచ్చే సున్నా టికెట్ మీద ఆయన కన్ను పడింది. "నీకెట్ల పనికిరాదు, నా కొలతకన్న పనికొస్తది" అని రోజూ అడిగి తీసుకునేవారు.

పేరాకూ పేరాకూ మధ్య ఒక వరస ఖాళీ వదిలి, అది చాలనట్టు మొదటి వాక్యాన్ని లోపలికి కూడా జరిపే అలవాటు మాకుండేది. అది చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది. "తలుపు తీసినవు గద, మళ్ళ గోడెందుకు కూలగొడుతున్నవ్" అనేవారు. రెండిట్లో ఏదో ఒకటే ఉండాలి. మేనేజరు ఈ సంగతిని ఇంగ్లీషులో అరపేజీ నియమంగా రాసి గోడకు అంటించాడు. ఆయన నాతో దానికి అర్థం చెప్పించుకుని, తాను చెప్పిన ఒక్క ముక్కకు ఇన్ని మాటలా అని ఆశ్చర్యపోయారు.

మెచ్చుకోవడం మాత్రం ఆయనకు రాదు. తప్పు లేని కాగితం మీద కింద మూలన చిన్న టిక్కు పెట్టి పక్కకు నెట్టేవారు. ఆ టిక్కు కోసం నేను పడ్డ తంటాలు పదో తరగతి పరీక్షలకు కూడా పడలేదు.

పోయిన ఎండాకాలం మా చేతికి ఒక పల్చటి కవితల పుస్తకం వచ్చింది. రాసినాయన ఉప్పల్ దగ్గరి ఓ మిల్లులో గుమాస్తా, చాలా ఏళ్ళ కిందటే కన్నుమూశారు. నేను డిగ్రీలో చదువుకున్న పుస్తకం అది. అందులో ఒక కవితలో షిఫ్టు వదిలే సైరన్ మోగుతుంది. మగవాళ్ళ అడుగులు ఒక్కొక్కటే వాకిలి దాటిపోతాయి. గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలు అడుగులు లెక్కపెట్టడం మానేస్తుంది. ఆ తర్వాత ఒకే ఒక్క పాదం. ఎడమ అంచు వదిలేసి, పేజీ నడుమ దాటి, అవతలికి జరిగి ఒంటరిగా ఉంటుంది: "అన్నం చల్లారింది."

ఆ ముందున్న ఖాళీ ఆమె చూసిన దారంత పొడవు అని మా మేడం క్లాసులో చెప్పింది. నేను ఆ తెల్లటి చోట పెన్సిలుతో సన్నటి గీత గీసుకున్నాను. ఇన్నేళ్ళయినా ఆ పాదం తలుచుకుంటే ముందు ఆ ఖాళీయే గుర్తొస్తుంది, తర్వాతే మాటలు. అందుకే ఆ కవిత వంతు వచ్చినప్పుడు మహా శ్రద్ధగా, టికెట్ మడతపెట్టి కొలిచి మరీ గుర్తు పెట్టాను. ఈసారి టిక్కు ఖాయం అనుకున్నాను.

మూడు రోజులైనా ఆ కాగితం తిరిగి రాలేదు. నేను అడిగితే ఆయన లేచి మెట్ల దగ్గరికి రమ్మన్నారు. కింద మిషన్ల చప్పుడుకు మాట సరిగ్గా వినబడక నేను ఆయన పక్కకు జరిగి నిలబడ్డాను.

"గీ పుస్తకం అచ్చుకు కూర్చింది నేనే బిడ్డా. గా పాదం కవి జరిపింది గాదు. నేను తప్పు జేసిన."

తర్వాత ఆయన చెప్పింది ఇది. అక్షరాలు కూర్చేటప్పుడు ముందు మాటలు పేర్చి, వరస నిండేదాకా వాటి వెనక ఖాళీ ముక్కలు పెట్టాలి. కూర్చేవాడు అక్షరాన్ని చూడాలి తప్ప అర్థంలోకి పోకూడదు, పోతే చెయ్యి తప్పుతుంది అన్నది ఆయనకు పని నేర్పినాయన చెప్పిన మొదటి పాఠం. ఆ రోజు ఆయన అర్థంలోకి పోయారు. పెళ్ళయిన కొత్త. పని ఎక్కువై ఇంటికి ఏనాడూ వేళకు చేరేవారు కాదు. ఆ రెండు మాటల చోటికి వచ్చేసరికి తన వాకిలి కళ్ళ ముందుకు వచ్చింది. చెయ్యి ముందు ఖాళీ ముక్కలను పేర్చింది, వాటి వెనక మాటలను. వరస ఎలాగూ నిండింది కాబట్టి చేతికి తేడా తెలియలేదు. ప్రూఫు కవిగారే చూసుకుని, ఆ పాదం దగ్గర ఏ గుర్తూ పెట్టకుండా పంపారు. పుస్తకం బైండింగుకు పోయాక గానీ ఆ తప్పు సారు కంట పడలేదు. అప్పుడు చెబితే పని పోతుంది. చెప్పలేదు. ఆ తర్వాత జనం ఆ ఖాళీని పొగడటం మొదలుపెట్టాక చెప్పే దారే మూసుకుపోయింది.

నాకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. ఇన్నేళ్ళుగా నాదనుకున్న పాదాన్ని ఈ పెద్దాయన మెట్ల మీద నిలబడి చెరిపేస్తున్నాడనిపించింది. కవే అలా రాసి ఉండొచ్చు కదా, యాభై ఏళ్ళ కిందటి సంగతి మీకేం గుర్తుంటుంది అని దురుసుగానే అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. కవిగారి చేతిరాత ఎక్కడైనా ఉంటే చూద్దాం అన్నారు.

కవిగారి కూతురు సైనిక్‌పురిలో ఉంటుంది. బడిపంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. ఇద్దరం ఏఎస్ రావు నగర్ దాకా బస్సులో, అక్కడినుంచి ఆటోలో వెళ్ళాం. ఆమె తండ్రి నోటు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ పాదం అన్ని పాదాల్లాగే ఎడమ అంచున ఉంది. ఆయన ఒకసారి చూసి, నోటు పుస్తకాన్ని రెండు చేతులతో మూసి ఆమెకు ఇచ్చేశారు.

అప్పుడు ఆమె లోపలికి వెళ్ళి ఇంకో పుస్తకం తెచ్చింది. అచ్చయిన పుస్తకం, కవిగారి సొంత ప్రతి. అచ్చుతప్పులన్నీ ఎర్ర సిరాతో దిద్ది ఉన్నాయి. ఒత్తు పోయిన చోట ఒత్తు, కామా ఎక్కువైన చోట కొట్టివేత. ఆ పాదం దగ్గర మాత్రం ఏమీ లేదు.

"నాన్న చిన్న తప్పు గూడ ఇడిసేటోడు కాదు. దీన్ని ముట్టలే" అన్నది ఆమె. "ఇంతకుముందు గబగబ సదివేటోడు. అచ్చయినంక గీ పాదం ముందు ఆగి, ఊపిరి తీసుకొని సదివిండు. నాకు మంచిగ యాదికున్నది."

నేను గెలిచినట్టు ఆయన వైపు చూశాను. ఆయన ఆమెకు దండం పెట్టారు. మీ నాయన పెద్దమనసున్న మనిషి, తప్పును కడుపులో పెట్టుకున్నాడు, అంతమాత్రాన అది నా తప్పు కాకుండా పోదు అన్నారు. ఆమె చాలాసేపు నచ్చజెప్పింది. నేనూ చెప్పాను. చివరికి ఆయన ఒక మాటకు ఒప్పుకున్నారు. కవి ఉంచాడు కాబట్టి ఖాళీ ఉండనివ్వాలి. దాన్ని ఎడమకు లాగొద్దు.

తిరిగి వస్తూ బస్సు కోసం నిలబడ్డప్పుడు అడిగారు. మా పద్ధతిలో, పుస్తకంలో ఏదైనా విశేషం ఉన్న చోట ఒక గమనిక జత చేయొచ్చు. చదివేవాళ్ళు తెర మీద ఆ చోట వేలు పెడితే అది తెరుచుకుంటుంది. ఆయనకు ఈ సంగతి తెలుసు.

"గాడ నా పేరు రాయి బిడ్డా. ఇంటిపేరుతోని. ఎన్ని పుస్తకాలు కూర్చిన్నో నాకే యాదికి లేదు, ఒక్కదాంట్ల గూడ నా పేరు లేదు. ఉండొద్దు గూడ. గీ ఒక్క తాన ఉండాలె. నా పేరు లేకుంటే తప్పు కవి మీదికి పోతది."

రాస్తానన్నాను. రాయలేదు. మూలంలో ఇలాగే ఉంది అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. ఎందుకంటే, జీవితమంతా పుస్తకాలు చేసిన మనిషి పేరు మొదటిసారి కనబడేది తప్పు కిందనా అనిపించింది. ఇది నేను నాకు చెప్పుకున్న కారణం. అసలు కారణం ఇంకొకటి. అది తప్పని లోకానికి తెలియడం నాకు ఇష్టం లేదు. ఆ ఖాళీ నాకు అలాగే కావాలి, ఎవరో చెయ్యి తప్పి పెట్టినట్టు కాదు. ఒక మనిషి నిజాయితీ కంటే నా ముచ్చటే నాకు ఎక్కువైంది.

వారం తర్వాత అడిగారు, రాసినవా అని. రాసిన సార్ అన్నాను. ఇంటిపేరు కూడానా అన్నారు. కూడా అన్నాను. కామా కూడా వదిలిపెట్టని మనిషి నా మాటను మాత్రం సరిచూసుకోలేదు. అప్పటిదాకా తన దగ్గరే ఉంచుకున్న ఆ కవిత కాగితం తీసి, కింద మూలన టిక్కు పెట్టి నా వైపు జరిపారు. దాన్ని అందుకున్నప్పుడు నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. ఆయన అప్పటికే తర్వాతి కాగితంలోకి వంగారు.

కబురు వచ్చిన రోజు మధ్యాహ్నం ఉప్పల్ వెళ్ళి చూసి వచ్చాను. చేతులు రెండూ పక్కన చాచి పడుకోబెట్టారు. కుడి చేతి బొటనవేలు గోరు కింద అచ్చు సిరా నల్లటి మచ్చ అలాగే ఉంది. అది ఏ సబ్బుకూ పోలేదని ఆయనే ఓసారి చెప్పారు. మరునాడు ఆఫీసుకు వచ్చి, మేనేజరును అడగకుండానే ఆ ఫైలు తెరిచాను. ఈ పాదం ముందున్న ఖాళీ కవి పెట్టింది కాదు, అక్షరాలు కూర్చినవారి పొరపాటు, కవి చూసి అలాగే ఉంచారు అని రాసి, కింద ఆయన పేరు, ఇంటిపేరుతో సహా రాశాను. రెండు వాక్యాలకు గంట పట్టింది. తర్వాత ఆ కవితను మొదటినుంచీ చదివాను. నేను భయపడ్డట్టు ఏమీ కాలేదు. ఆ పాదం ముందు నా గొంతు ఎప్పటిలాగే ఆగింది. ఇప్పుడక్కడ ఇంటికి పోవాలని తొందరపడుతున్న ఒక పడుచువాడు కూడా ఉన్నాడు.

పెద్దకర్మ నాడు మళ్ళీ వెళ్ళాను. భోజనాలయ్యాయి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోతున్నారు. ఆయన భార్య లోపలి గదిలో గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమెకు చదువు రాదు. నేను పక్కన కూర్చుని ఫోనులో ఆ పేజీ తెరిచి, ఇది సారు కూర్చిన పుస్తకం అమ్మా, ఇందులో ఆయన పేరుంది అని చెప్పాను. పేరు ఎక్కడుందని అడిగింది. ఆమె వేలు పట్టుకుని ఆ ఖాళీ మీద పెట్టాను. పేరు తెరుచుకుంది. అక్కడ పేరెందుకుందో, ఆ రోజు ఆయన ధ్యాస ఎక్కడికి పోయిందో అంతా చెప్పాను. నేను ఆయనతో అబద్ధమాడిన సంగతి కూడా చెప్పాను.

"పక్కన ఏం రాసున్నది?" అన్నది.

చదివి వినిపించాను, అన్నం చల్లారింది అని.

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఎన్నడు సల్లారనియ్యలే నేను. ఆయన వచ్చేదాంక పొయ్యి మీదనే పెడుతుంటి. గాయనకు ఎరుకే గద" అన్నది.

పేరు దానంతట అది మూసుకుపోయింది. ఆమె ఫోను తన ఒళ్ళోకి తీసుకుని, అక్షరాల జోలికి పోకుండా, ఆ తెల్లటి చోట మళ్ళీ వేలు పెట్టింది.